రోడ్డుకు ఎడమ పక్క

వెనక టైరును బొటనవేలితో మూడోసారి నొక్కి చూసి, గంగరాజం మళ్ళీ పంపు అందుకున్నాడు. గాలి సరిపడా ఉందని మొదటిసారి నొక్కినప్పుడే తెలిసింది. అయినా మరో నాలుగు దెబ్బలు కొడితే గాని అతని మనసు ఊరుకోదు. పంపును గోడకు ఆనించి ముందు బ్రేకు పట్టి చూశాడు, వెనక బ్రేకు పట్టి చూశాడు, బెల్లు రెండుసార్లు మోగించాడు. వెనక మడ్‌గార్డు మీది ఎర్ర బిళ్ళను తువ్వాలు కొసతో తుడిచాడు. ఆఖరున కుడి హ్యాండిల్‌కు బిగించిన గుండ్రటి అద్దాన్ని కొంచెం బయటికి, మళ్ళీ రవంత లోపలికి తిప్పాడు. వెనకాల ప్రహరీ మీద కూర్చున్న కోడి అందులో తోకతో సహా కనిపించాక ఇక చాలనుకున్నాడు.

యాభై నాలుగేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఎండకు మాడిన ముఖం మీద చెవి నుంచి గడ్డం దాకా, హెల్మెట్ పట్టీ తగిలే చోట మాత్రం, సన్నని తెల్లటి గీత ఉంటుంది. షార్జాలో పందొమ్మిదేళ్ళు రోడ్ల పక్క చెట్లకు నీళ్ళు పట్టి సంపాదించుకున్నవాటిలో అదొకటి.

అరుగు మీద రాజవ్వ చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు ఆకు మీద నుంచి కదలకుండానే మొగుడి సంబరమంతా చూసింది.

"ఇంకెంతసేపు సింగారిస్తవ్ దాన్ని? పెండ్లి పీటల మీద కూసోవెడ్తవా ఏంది?"

"బ్రేకులు చూస్తున్న."

"నిన్న చూసినవ్. మొన్న చూసినవ్. రాత్రికి రాత్రి ఎవ్వలన్న వచ్చి ఊడవీక్కపోయిన్రా?"

 గంగరాజం దండెం మీద నుంచి నిమ్మపండు రంగు కోటు తీసి చొక్కా మీద తొడుక్కున్నాడు. దానికి ముందూ వెనకా రెండేసి వెండి పట్టీలు, వెలుతురు పడితే మెరుస్తాయి. కోటు తరువాత హెల్మెట్.

మేడిపల్లిలో ఇప్పుడు సైకిలు తొక్కేవాళ్ళే పదిమంది ఉండరు. అందులో హెల్మెట్ పెట్టుకునేది గంగరాజం ఒక్కడే. బుల్లెట్ బండ్లు నడిపే కుర్రాళ్ళే జుట్టు చెదురుతుందని హెల్మెట్‌ను ట్యాంకు మీద కూర్చోబెట్టి తిప్పే ఊరు అది. అలాంటిచోట సైకిలుకు హెల్మెట్ అంటే నవ్వాపుకోవడం ఎవరి తరం? దుబాయి దొర అని పేరు పెట్టారు. షార్జా అయినా మస్కట్ అయినా వాళ్ళకు దుబాయే. అదే ఆదివారం పొద్దున జగిత్యాల నుంచి డాక్టర్లూ లెక్చరర్లూ బిగుతు లాగులు వేసుకుని, గేరు సైకిళ్ళ మీద, ఇలాంటి కోట్లతో ఇలాంటి హెల్మెట్లతో వస్తే మాత్రం ఒక్కడూ నవ్వడు. ఎదురెళ్ళి చాయ్ తాగి పొమ్మంటారు. ఆ డాక్టర్లలో ఒకాయన ఒకసారి గంగరాజం దగ్గర ఆగి, సైకిలంతా కలియజూసి, "అంకుల్, అందరు మీ లెక్క ఉండాలె" అని భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటో గంగరాజం దాకా రాలేదు.

నవ్వేవాళ్ళకూ మెచ్చుకున్నవాళ్ళకూ తెలియనిది ఒకటుంది. గంగరాజానికి భయం. లారీలంటే కాదు, అడ్డం వచ్చే కుక్కలంటే కాదు. తన చేతులంటే భయం.

పద్దెనిమిదో ఏట సిరిసిల్లలో సాంచాల మీద పనికి కుదిరాడు. అక్కడే గంటకింతని అద్దె సైకిలు తెచ్చి, మోకాళ్ళు చెక్కుకుని తొక్కడం నేర్చుకున్నాడు. పదహారేళ్ళు మరమగ్గాల మోత మధ్య నిలబడి నిలబడి చెవులు మొద్దుబారాయి. హారన్ మోగితే మోగిందని తెలుస్తుంది గాని, ముందు నుంచో వెనక నుంచో పోల్చుకోలేడు. అందుకే సైకిలుకు అద్దం. తరువాత షార్జా. కూలీలుండే క్యాంపు నుంచి చెట్ల దగ్గరికి సైకిలు మీదనే పోవాలి. కోటు లేకుంటే, హెల్మెట్ లేకుంటే, వెనక ఎర్ర బిళ్ళ లేకుంటే గేటు దగ్గరి మనిషి బయటికి వదిలేవాడు కాదు. అక్కడ బండ్లన్నీ రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి. కుడి అంచు పట్టుకో, అద్దం చూసుకో, నిమ్మళంగా పో. పందొమ్మిదేళ్ళలో ఆ కుడి అంచు అతని ఒంట్లోకి దిగిపోయింది.

కిందటి శివరాత్రికి తిరిగొచ్చాడు. కోరుట్లకు ఇవతల, రోడ్డు మీదనే ఉన్న మొక్కల నర్సరీలో పనికి కుదిరాడు. సైకిలు మీద గంట దారి. నడి ఎండాకాలంలో ఒకరోజు కల్వర్టు దగ్గర వెనక నుంచి లారీ హారన్ కొట్టింది. ఎడమ అంచున పోతున్న గంగరాజం ఉలిక్కిపడ్డాడు. అంచుకు జరగాలనుకున్నాడు. జరిగాడు కూడా. కాని అతని చేతులు జరిగింది కుడి అంచుకు, రోడ్డుకు అడ్డంగా, లారీ ముందు నుంచి. బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు దిగి తిట్టిన తిట్లు ఒక్కటీ అతని చెవిన పడలేదు. లారీ పోయాక కల్వర్టు గోడ మీద కూర్చుని రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అన్ని దేశాలు తిరిగొచ్చినవాడికి కుడి ఎడమలు తెలియడం లేదంటే ఎంత నామోషీ? ఆ రోజు నుంచి సైకిలెక్కితే చాలు, పెదవులు కదలకుండా లోపల్లోపల అనుకుంటూ ఉంటాడు. ఎడమ. ఎడమ. ఎడమ. గంటసేపు అదే జపం. నర్సరీ చేరేసరికి చొక్కా కోటుకు అంటుకుపోతుంది. అదంతా తొక్కిన చెమట అనుకుంటారు అందరూ.

హెల్మెట్ పట్టీ బిగిస్తుండగా ప్రణీత ఇంట్లోంచి పరుగున వచ్చింది. చేతిలో ప్యాడు, హాల్ టికెట్. డిగ్రీ రెండో సంవత్సరం. పరీక్షలు మొదలై రెండు రోజులైంది.

"బాపూ, అజయన్న ఆటో రాదట. వాళ్ళ మామ చచ్చిపోయిండని ధర్మపురి పోయిండు. ఇప్పుడే ఫోన్ చేసిండు."

"బస్సుకు పో బిడ్డా."

"బస్సు పోయింది. మల్లొచ్చేది పది దాటినంక. పదింటికే నా పరీక్ష."

గంగరాజం వీధి వంక చూశాడు. ఎవరి మోటారు బండి అయినా కనిపిస్తుందేమోనని చూశాడు. పొలాల కోతల కాలం, ఊరంతా పొద్దున్నే పొలాల మీద పడిపోయింది.

"నన్ను నీ సైకిల్ మీద కూసోవెట్టుకొని పో," అంది ప్రణీత.

గంగరాజం చూపు హ్యాండిల్ మీది తన చేతుల మీదికి పోయింది. తనొక్కడైతే ఏమైనా కానీ. వెనక ఈ పిల్ల కూర్చుంటే, ఏదో ఒకటి హారన్ కొడితే, ఈ చేతులు మళ్ళీ ఆ పని చేస్తే? ఇరవై ఏళ్ళ పిల్లలో తను చూసింది ముప్పావు వంతు ఫోన్ తెర మీదనే. మొదటి అడుగు, మొదటి బడి ఫొటోల్లో, పదో తరగతి మార్కులు వీడియోలో, అన్నీ క్యాంపు మంచం మీద పడుకుని చూశాడు. ఇప్పుడు తీసుకుపోయి లారీ కింద పెట్టడానికా తను తిరిగొచ్చింది?

"ఇద్దరితోని బరువైతది. టైరు ఆగది," అన్నాడు.

రాజవ్వ చాట కింద పెట్టింది. "గింత గాలి కొట్టినవ్, ఆగదా? గన్నేండ్లు సైకిల్ తొక్కినోనివి, బిడ్డను కాలేజీల దించి రానీకి ఏం రోగం నీకు?"

ఏం రోగమో చెప్పడానికి నోరు తెరిచాడు. ప్రణీత ముఖం చూసి మూసుకున్నాడు. హెల్మెట్ విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"గిది పెట్టుకుంటెనే ఎక్కు."

"నా దోస్తులు చూస్తె పరువు పోతది బాపూ."

"దారి పొడుగూత పెట్టుకో. కోరుట్ల వచ్చినంక తీసెయ్యి. లేకుంటె నేను సైకిల్ తియ్య."

తండ్రి ఎప్పుడూ ఇంత మొండిగా మాట్లాడలేదు. ప్రణీత జడను చున్నీలోకి దోపి హెల్మెట్ పెట్టుకుంది. క్యారియర్ మీద పక్కకు తిరిగి కూర్చుని ఒక చేత్తో సీటు కింది స్ప్రింగును పట్టుకుంది.

ఊరు దాటి పెద్ద రోడ్డు ఎక్కాక గంగరాజం జపం మొదలైంది. ఎడమ. ఎడమ. తెల్ల గీతకు జానెడు ఇవతల సైకిలును నడిపించాడు. వెనక బరువు ఉండటంతో హ్యాండిల్ తేలికై అటూ ఇటూ జారుతోంది. దాన్ని బిగించి పట్టుకుంటే మణికట్లు నొప్పి పుట్టాయి. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. కోసిన మళ్ళల్లో కొంగలు వాలి ఉన్నాయి. అవేవీ అతను చూడలేదు. అద్దం, తెల్ల గీత, మళ్ళీ అద్దం.

"బాపూ, షార్జాల ఆడోళ్ళు సైకిల్ తొక్కుతరా?"

"ఊఁ."

"నాకు గూడ నేర్పు. సెలవులల్ల."

"ఊఁ."

"ఊఁ అంటే నేర్పుతవా, నేర్పవా?"

"బిడ్డా, జరసేపు మాట్లాడకు. గట్టిగ పట్టుకో."

ప్రణీత మూతి ముడుచుకుంది. ఆమెకు తెలిసిన బాపు ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడేవాడు. ఇంటికొచ్చిన ఈ మనిషి సైకిలు ఎక్కితే మూగవాడవుతాడేమిటో ఆమెకు అర్థం కాలేదు.

మూడు బండ్లు దాటిపోయాయి. ప్రతిదానికీ అతని వెన్ను కొయ్యబారింది. నాలుగోది వ్యాను, అదీ దాటింది. కల్వర్టు వచ్చింది, దాటింది. ఇక సగం అయిపోయిందనుకుంటుండగా రోడ్డు వంపు తిరిగిన చోట ఎడమ సగమంతా బంగారు రంగులో కనిపించింది. వడ్లు. కోతల కాలంలో కల్లం దొరకని రైతులు రోడ్డునే కల్లం చేసుకుంటారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్ళు వరసగా పేర్చారు. ఎడమ అంచు పట్టుకుని బతుకుతున్న మనిషికి ఎడమ అంచే లేకుండా పోయింది.

దిగి నడిపించాలనుకున్నాడు. దిగేలోపే రాళ్ళ వరస పక్కకు, రోడ్డు నడిమికి వచ్చేశాడు. అద్దంలో లారీ కనిపించింది. మొదట వేలెడంత. అంతలోనే అద్దం నిండా. హారన్ మోగింది. చెవుల్లో, పళ్ళలో, కడుపులో మోగింది. కుడి చెయ్యి తనంతట తాను లాగడం మొదలుపెట్టింది. గంగరాజం ఆ లాగడాన్ని స్పష్టంగా తెలుసుకున్నాడు. నీళ్ళ పైపు చేతిలోంచి జారిపోతుంటే తెలిసినట్టే తెలిసింది.

"ఎడమ," అని గట్టిగా అరిచాడు.

రెండు రాళ్ళ మధ్య సందులోంచి సైకిలు వడ్లల్లోకి దూసుకుపోయింది. ముందు చక్రం చీలమండ లోతున దిగి ఆగిపోయింది. ఇద్దరూ ఒక్కసారే కాళ్ళు కింద పెట్టారు. లారీ గాలి వాళ్ళను కొట్టి వెళ్ళిపోయింది. ప్రణీత ప్యాడు గుండెకు హత్తుకుని నిలబడిపోయింది.

వడ్లకు కాపలా ఉన్న ముసలామె కర్ర పట్టుకుని లేచింది. "కండ్లు నెత్తికెక్కినయా? రోడ్డు సాలకచ్చిందా? నాలుగు దినాల సంది ఎండవోస్తున్న, నీ సైకిల్ తొక్కనీకా?"

గంగరాజం చూస్తున్నది ఆమెను కాదు. తన చేతులను. అవి ఎడమకు పోయాయి. ఏడు నెలల్లో మొదటిసారి, లారీ మీదికి వస్తుంటే, చెప్పిన మాట విని ఎడమకు పోయాయి. అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నా ఆగలేదు.

"తప్పయింది అవ్వా. నేనే సాపు చేస్త," అంటూ చెప్పులు విప్పి వడ్లల్లోకి దిగాడు. చక్రం చీల్చిన గాడిని పాదంతో పూడ్చి, ఆరబోసేవాళ్ళు చేసినట్టే కాళ్ళు ఈడుస్తూ చాళ్ళు తీశాడు. రోడ్డు మీద చెదిరిపడ్డ గింజలు కూడా చేత్తో ఏరి లోపల వేశాడు. ముసలామె కోపం అక్కడికక్కడే సగమైంది.

"పోరి ఎక్కడికి పోతాంది?"

"పరీక్షకు అవ్వా. ఆలస్యమైతాంది," అంది ప్రణీత.

"అయితె పోన్రి. సాపు నేను చేసుకుంట. మంచిగ రాయి బిడ్డా."

వడ్లు దాటేదాకా నడిపించి, మళ్ళీ ఎక్కాక ప్రణీత వెనక నుంచి ముందుకు వంగింది. "బాపూ, నువ్వు నవ్వుతున్నవా? లారీ కింద పడేటోళ్ళం."

"పడకపోతిమి గదా," అన్నాడు గంగరాజం. "సైకిల్ నేర్పుత తియ్. సెలవులు కానీ."

మిగతా దారి అంతా అతనే మాట్లాడాడు. షార్జాలో ఖర్జూరపు చెట్ల వరసల గురించి, క్యాంపులో తన గదిలోనే ఉండే బోయినపల్లి నరేశ్ నూరే చింతకాయ తొక్కు గురించి. దారిలో తను పనిచేసే నర్సరీ వచ్చింది. రోడ్డుకు కుడి పక్కన, ఆకుపచ్చ వల కింద. వచ్చేటప్పుడు చూపిస్తానన్నాడు. కాలేజీ గేటు ముందు ప్రణీత దిగి, ఎవరూ చూడకముందే హెల్మెట్ తీసి అతని చేతిలో పెట్టింది. నడుము పట్టుకుని వంకర తిరిగింది.

"క్యారియర్ ఊచలు గుచ్చుకొని పానం పోయింది. గని ఆటో కన్న గిదే బాగుంది. రేపు గూడ నువ్వే దించు."

"రేపేంది, పరీక్షలు అయ్యేదాంక నేనే దించుత. ఒంటిగంటకు గీడనే ఉండు, వస్త. నేను రాకముందే అయిపోతె ప్రభాకర్ దుకాణం కాడికి రా. గా మూల మీదనే."

ప్రభాకర్‌ది సైకిళ్ళ దుకాణం. అమ్మేది తక్కువ, బాగు చేసేది ఎక్కువ. ముందు బల్ల మీద పొద్దున పేపర్లు వేసే పెద్దాయన ఒకడు ఎప్పుడూ కూర్చుని ఉంటాడు. గంగరాజం సైకిలు ఆగగానే ఆయన అద్దం వంక వేలు చూపించాడు.

"గీ అద్దమెందుకయ్యా నీకు? వెనకొచ్చేటోడు వాడే చూసుకుంటడు. మన పని ముందుకు చూసుడు."

"నాకు చెవులు సరిగ వినపడయ్."

"వినపడకుంటె మెల్లగ పో. నలభై ఏండ్ల సంది పేపర్లేస్తున్న. అద్దం లేదు, నెత్తిన డిప్ప లేదు. బెల్లు ఒక్కటుంటే సాలు."

"బెల్లు కొడితె లారీ తప్పుకుంటదా?" అన్నాడు ప్రభాకర్, చక్రం ఊచలు సరిచేస్తూ. "ఆయినె చేసుడే కరెక్టు. తెల్లారకముందు చీకట్ల నీ పేపర్ సైకిల్ ఏ మూలకెల్లి వస్తదో ఎవ్వనికి ఎరుక?"

వచ్చినప్పుడల్లా ఉండే వాదనే. ప్రతిసారీ గంగరాజం నవ్వి వెళ్ళిపోయేవాడు. ఇవాళ బల్ల మీద కూర్చున్నాడు. కూర్చుని, ఏడు నెలలుగా దాచుకున్నదంతా చెప్పేశాడు. కల్వర్టు, చేతులు, జపం, పొద్దున వడ్లు.  పెద్దాయన నవ్వుతాడనుకున్నాడు, నవ్వలేదు.

ప్రభాకర్ పానా కింద పెట్టాడు. "గిన్ని దినాలు నాకు జెప్పకుంటివి అన్నా. అక్కడినించి వచ్చినోళ్ళు శాన మందికి అయితది గట్ల. చేతులు గూడ మర్చిపోతయ్, టైం పడ్తది. నీయి మర్చిపోయినయ్ ఇగ. పొద్దున చూసినవ్ గదా."

"మర్చిపోయినయంటవా?"

"బిడ్డ వెనక కూసున్నంక ఎడమకు పోయినయంటే ఇగ పక్కా."

గంగరాజం గుండెల మీద నుంచి ఏదో దిగిపోయింది. కళ్ళు తుడుచుకుని లేచి, క్యారియర్ మీద బిగించే మెత్త ఉందా అని అడిగాడు. ప్రభాకర్ లోపలి నుంచి ప్లాస్టిక్ కవరులో ఎర్ర మెత్త తెచ్చాడు. కాళ్ళు పెట్టుకునే ఊచలు కూడా రెండు చూపించాడు.

"మెత్త ఇప్పుడే బిగిస్త. ఊచలు మాత్రం బిడ్డ కూసుంటెనే ఎత్తు తెలుస్తది."

"అయితె రెండు గూడ అప్పుడే బిగియ్యి. ఒంటిగంటకు తోల్కొస్త. నర్సరీల నీళ్ళు వెట్టాలె, శేఖర్ సార్ చూస్తుంటడు. ఎరుపు దానికి నచ్చుతదో లేదో, నీలిది ఉందా?"

"నీలిది రేపు వస్తది."

"బిడ్డనే వచ్చి చూసుకుంటది తియ్," అని గంగరాజం హెల్మెట్ బిగించుకుని సైకిలెక్కాడు.

నర్సరీలో ఆ పూట అతనికి పని భారమే తెలియలేదు. మామిడి అంట్లకు నీళ్ళు పట్టాడు, సంచుల్లో ఎర్రమట్టి నింపాడు, గులాబీల కింద రాలిన పండుటాకులు ఏరాడు. నీళ్ళు పట్టడంలో అతనిది వంక పెట్టలేని చెయ్యి. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, వేరుకు తగిలీ తగలనట్టు, మట్టి చెదరకుండా నీళ్ళు జల్లుతాడు. ఇసుక నేల మీద పందొమ్మిదేళ్ళు చెట్లు బతికించిన బొటనవేలు అది. యజమాని శేఖర్ వచ్చి చూసి, "ఏంది గంగరాజం, ఇయ్యాల పాట పాడుతున్నవ్?" అన్నాడు. పాడుతున్నట్టు అతనికే తెలియదు.

పన్నెండున్నరకు చేతులు కడుక్కుని, బిడ్డను తీసుకొస్తానని శేఖర్‌కు చెప్పి, కోటు తొడుక్కున్నాడు. ఏదో మరచిపోయినట్టు అనిపించింది. జేబు తడుముకున్నాడు. ఫోన్ ఉంది, తాళంచెవి ఉంది. సద్ది గిన్నె సాయంత్రం తీసుకోవచ్చు. హెల్మెట్ పట్టీ లాగి చూశాడు, బిగుతుగానే ఉంది. ఏమిటో తోచక సైకిలు తీశాడు.

సాయంత్రం ఇంటికి పోవాలంటే గేటు దాటి ఎడమకు తిరిగితే సరిపోతుంది. కోరుట్లకు పోవాలంటే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కకు చేరాలి. అలా పోవలసి వచ్చినప్పుడల్లా అతను దిగి, ఇటు మూడుసార్లు అటు మూడుసార్లు చూసి, సైకిలును చేత్తో నడిపించి, అవతల మట్టి మీద కాలు పెట్టాక గాని ఎక్కేవాడు కాదు. ఇవాళ గేటు లోపలే ఎక్కాడు. ఎరుపా నీలమా అని ఆలోచిస్తున్నాడు. పిల్ల నీలమే అంటుంది. ఆమె చున్నీలన్నీ నీలమే. గేటు దాటాక, క్యాంపు గేటు దాటి రోజూ తిరిగినట్టే కుడికి తిరిగి, అంచు పట్టుకున్నాడు.

ఎండ తేటగా ఉంది. రోడ్డు ఎప్పుడూ ఇంత బాగుందనిపించలేదు. కోసిన పొలాల మీద కొంగలు ఉన్నాయి. ఇవాళ వాటిని చూశాడు. అద్దంలోకి చూశాడు. అంచున పెరిగిన గడ్డి, తుమ్మచెట్లు, దూరంగా నర్సరీ ఆకుపచ్చ వల. ఒక్క బండి కూడా లేదు. వెనక నుంచి ఒక్కడూ తరమడం లేదు. ఇంత నిమ్మళంగా సైకిలు తొక్కి ఎన్నాళ్ళయిందని అనుకున్నాడు. సెలవుల్లో పిల్లకు నేర్పేటప్పుడు ముందు ఈ రోడ్డు మీదికి తేకూడదు, బడి మైదానంలో మొదలుపెట్టాలి. ముందు బ్రేకులు పట్టడం నేర్పాలి, తరువాతే తొక్కడం.

మలుపు దగ్గర హారన్ మోగింది. గంగరాజం అద్దంలోకి చూశాడు. అద్దంలో గడ్డి ఉంది, తుమ్మచెట్లు ఉన్నాయి. ఎవరూ లేరు. మళ్ళీ మోగింది. ఇంకోసారి అద్దంలోకే చూశాడు.

మొక్కజొన్నల లోడుతో జగిత్యాలకు పోతున్న లారీ డ్రైవరు, గుమిగూడిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పాడు. "నా పక్కకు నేను వస్తున్న అన్నా. గీ పెద్దమనిషి నాకు ఎదురుంగ, అంచు పొంటి, నిమ్మళంగ వస్తున్నడు. రెండు మాట్ల హారన్ కొట్టిన. ముందుకు చూడలే. అద్దంల చూసుకుంటున్నడు." చెబుతూ చెబుతూ అక్కడే కూలబడి ఏడ్చాడు. గంగరాజం తుమ్మచెట్ల కింద పక్కకు తిరిగి పడుకున్నట్టు ఉన్నాడు. నిమ్మపండు రంగు కోటు మీద కొంచెం దుమ్ము తప్ప ఏమీ లేదు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించినది బిగించినట్టే ఉంది. శేఖర్ పరుగున వచ్చి పట్టీ విప్పి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, చెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు కూర్చున్నాడు.

ప్రణీత ఒంటిగంట దాటి ఇరవై నిమిషాల దాకా గేటు దగ్గర నిలబడింది. పేపరు బాగా రాసింది. ఫోన్ చేస్తే మోగుతోంది గాని బాపు ఎత్తడం లేదు. సైకిలు మీద ఉంటే ఎలాగూ ఎత్తడు. మూల మీది దుకాణానికి నడిచింది.

"గంగరాజన్న బిడ్డవా?" అన్నాడు ప్రభాకర్. "కూసో తల్లీ, వస్తడు. ఇగో, నీ కోసమే పెట్టుకొని కూసున్న. నచ్చిందా? నీలిది రేపు వస్తది."

ప్రణీత మెత్తను చేతుల్లోకి తీసుకుని చూసింది. వేలితో నొక్కి చూసి, "ఎరుపే బాగుంది," అంది.

అప్పుడే ప్రభాకర్ ఫోన్ మోగింది. శేఖర్. విన్నంతసేపూ ప్రభాకర్ ఆమె వైపు చూడలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాక కూడా కొంతసేపు చూడలేదు. తరువాత స్కూటర్ తాళం కోసం వెతికాడు. అది అతని చేతిలోనే ఉంది.

"పా బిడ్డా, పోదాం."

"బాపు వస్తన్నడు గదా?"

"మనమే పోదాం పా."

షట్టరు దించాలన్న ధ్యాస అతనికి లేకపోయింది. పేపర్ల పెద్దాయన కూడా లేచి వాళ్ళ వెనకే నడిచాడు. ఎవరూ లేని దుకాణం ముందు, బల్ల మీద, కాళ్ళు పెట్టుకునే రెండు ఊచల పక్కన, ఇంకా కవరు విప్పని ఎర్ర మెత్త ఉంది.